అడిగిన గొంతు

సులోచన ఆలకినిని మాబున్ని కడుపు మీద బోర్లించి, మాట్లాడవద్దన్నట్టు చెయ్యెత్తింది. ఆలకిని చూడటానికి కొబ్బరిచిప్పలా ఉంటుంది. దాని అంచు చుట్టూ సన్నటి పచ్చ వెలుగు ఒకసారి తిరిగింది. తర్వాత అందులోంచి ఒక మగ గొంతు, తేనెలో ముంచి తీసినంత మెత్తగా, సముద్రం అడుగు నుంచి వచ్చినంత లోతుగా అడిగింది.

"నేను నీ ప్రభువును కానా?"

తెప్పలపాలెంలో ఆ ప్రశ్న వినని తల్లి లేదు. అడగ్గానే కడుపులోని బిడ్డ మెదడులో ఒక చిన్న అల పుడుతుంది. ఆలకిని దాన్ని పట్టుకుని, మాటగా మార్చి, "ఔను" అని బయటికి వినిపిస్తుంది. ఆ ఔనే తొలిమాట. లోకం పుట్టకముందు అల్లా ప్రాణులన్నిటినీ పోగుచేసి ఇదే మాట అడిగాడనీ, అందరూ ఔనన్నారనీ పెద్దలు చెప్పగా విన్న జనం, ఆ ఔనుని సొంత చెవులతో వినగలుగుతున్నందుకు పొంగిపోయారు. తొలిమాట వినపడిన రోజున ఊరంతా బిర్యానీ తింటుంది. ఊరి చుట్టూ తిరిగే పీతలు కూడా ఆ రోజు ఎముకల కోసం వరసలో నిలబడతాయంటారు.

ఈసారి మాత్రం ఏమీ వినపడలేదు.

"ఇంకొక్కసారి పెట్టండి మేడం," అన్నాడు మీరావలి. బిడ్డ తండ్రి అతనే. ఆలకినిలో అడిగిన గొంతూ అతనిదే.

సులోచన మళ్ళీ పెట్టింది. పచ్చ వెలుగు తిరిగింది. గొంతు అడిగింది. బిడ్డ లోపల కాలు జాడించింది తప్ప పలకలేదు.

"బిడ్డ ఆరోగ్యంగానే ఉంది," అంది సులోచన. ఆలకినిని తయారుచేసిన కంపెనీ తరఫున ఆ ఊళ్ళో ఉంటున్న ఇంజనీరు ఆమె. "వింటోంది కూడా. పక్కగదిలో గిన్నె పడితే ఉలిక్కిపడింది. ఈ ప్రశ్నకే జవాబు రావట్లేదు. ఇంతకు ముందు పెట్టినప్పుడూ ఇంతే. నెలలు నిండాయి కాబట్టి ఇక పెట్టలేం."

మీరావలి తల్లి పీరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఊళ్ళో పిల్లలందరూ నీ గొంతుకి ఔనౌనంటన్నారు కదరా మీరా! సొంత పిల్లకేం పొయ్యేకాలం?"

"అత్తా, లోపలున్నది వింటంది," అంది మాబున్ని, రవిక సర్దుకుంటూ. "అయినా దాన్నేమనమంటావు? పొద్దున్నే ఇదే గొంతు 'నా లుంగీ ఏడ పెట్టావే' అని అరిచింది. మజ్జానం వచ్చి 'నేను నీ ప్రభువును కానా' అంటే ఎవరు నమ్ముతారు?"

ఎవరూ నవ్వలేదు. తొలిమాట వినపడని బిడ్డను, తల్లులు పనికి పోతూ పిల్లల్ని వదిలే పిల్లలగూట్లో చేర్చుకోరు. అది ఊరి కమిటీ పెట్టిన నియమం. కానీ మీరావలిని కోస్తున్నది ఆ నియమం కాదు. ఆ రోజు ప్రాణులన్నీ ఔనన్నప్పుడు తన బిడ్డ ఒక్కతే నోరు మూసుకుని నిలబడిందా? అసలు అక్కడ లేనే లేదా? ఆ సంగతి తేలకుండా బిడ్డ ముఖం ఎలా చూడాలో అతనికి తెలియలేదు.

సముద్రం బాపట్ల పొలాల్లోకి నడిచొచ్చి, ఇక కదలనని కూర్చున్నాక కట్టుకున్న ఊరు తెప్పలపాలెం. ఇల్లు, బడి, మసీదు అన్నీ తెప్పల మీదే. మధ్యలో చెక్కదారులు. ఒకప్పుడు దూదేకిన కుటుంబాల మునిమనవలు ఇప్పుడు అక్కడ మబ్బేకుతున్నారు. నీళ్ళలో పాతిన ఎత్తైన స్తంభాలెక్కి, తాటిచెట్టంత విల్లు పట్టుకుని, కిందుగా పోయే మబ్బు మీద తీగ మీటుతారు. మబ్బు పీచుపీచుగా విడిపోయి, వల గుండా మంచినీళ్ళై తొట్లలోకి కారుతుంది. బాగా ఏకిన మబ్బుని దిండులో కుక్కుకుని పడుకోవచ్చనీ, తెల్లారేసరికి పక్క తడిసిపోతే ఆ నింద పిల్లల మీదకి పోతుందనీ చెప్పుకుంటారు.

అలాంటి స్తంభాల మీద నుంచి కేకలేసి కేకలేసి పదునెక్కిన గొంతు మీరావలిది. అతను కేకేస్తే నిజాంపట్నం వైపు పోతున్న చేపలు వెనక్కి తిరిగి 'ఎవర్నీ?' అని చూస్తాయని అతని జతగాడు సైదులు చెబుతాడు. సైదులు చెప్పేవాటిలో సగం నమ్మవచ్చు. ఏ సగమో సైదులుకి కూడా తెలియదు.

పెళ్ళికి ముందు కంపెనీవాళ్ళు వచ్చి ఆ గొంతును ఎంచుకున్నప్పుడు మీరావలి ఒక్క సందేహం అడిగాడు. 'నేను' అని తనెలా అనగలడు? 'అల్లా నీ ప్రభువు కాడా' అని అడిగితే సరిపోదా? కమిటీ పెద్దలు గట్టిగా తల అడ్డంగా ఊపారు. గ్రంథంలో ఉన్న మాటలో ఒక్క ముక్క మార్చినా పాపం తగులుతుందన్నారు. ఇమాం దస్తగిరి సాబు కూడా ఆలోచించి, ఉన్నది ఉన్నట్టే ఉండనిమ్మన్నాడు. మీరావలి కళ్ళు మూసుకుని ఆ మాట అన్నాడు. అన్నాక చాలాసేపు ఒంటి మీద వెంట్రుకలు లేచే ఉన్నాయి.

ఆ తర్వాత ఊరు మారిపోయింది. పిల్లలగూట్లో గోల లేదు. అన్నం వేళ, నిద్ర వేళ, సూదిమందు వేళ గోడలోని ఆలకిని ఒక్కసారి అడుగుతుంది. పిల్లలు చేస్తున్న పని వదిలేసి, కళ్ళు పెద్దవి చేసి, "ఔను" అంటారు. తర్వాత ఏం చెప్పినా చేస్తారు. పుట్టిన రోజు పసికందు కూడా ఆ గొంతు వినగానే కదలడం మానేసి గుప్పిళ్ళు విప్పుతుంది. తల్లులు నిశ్చింతగా పనికి పోతున్నారు. మీరావలి పనిచేసేది ఊరికి దూరంగా ఉన్న బయటి స్తంభాల మీద. పిల్లలు లేవకముందు పడవెక్కుతాడు, పడుకున్నాక దిగుతాడు. ఎప్పుడైనా దారిలో ఎదురుపడ్డ పిల్లలు తనను చూసి నవ్వుతూ వెంటపడితే, తన ముఖంలో ఏదో కళ ఉందనుకునేవాడు.

వినికిడి గది బయట దస్తగిరి సాబు చెక్కదారి అంచున కూర్చుని ఉన్నాడు. మీరావలి ముఖం చూడగానే ఆయనకు అర్థమైంది.

"సాబూ, ఆ రోజు నా బిడ్డ అక్కడ లేదా?"

"పిచ్చి మాటలు మాట్లాడబాకు. ఆదం వీపులోంచి, ప్రళయం దాకా పుట్టబోయే వాళ్ళందర్నీ చీమల్లాగా తీసి పరిచాడు అల్లా. ఒక్కరు కూడా తప్పిపోలా. నువ్వున్నావు, నేనున్నా, నీ కూతురుంది."

"ఉంటే పలకదేం?"

"నువ్వు పలికిన సంగతి నీకు గుర్తుందా?"

"లేదు."

"నాకూ లేదు. గుర్తు లేకపోయినా అది లోపలుంటది. ఫిత్రత్ అంటారు దాన్ని. దేవుణ్ణి ఎరిగిన మనసుతోనే ప్రతి బిడ్డా పుడతది. పుట్టాక దాన్ని అటో ఇటో తిప్పేది మనమే." ఆయన వినికిడి గది వైపు చూశాడు. "ఆ యంత్రం ఎందుకు వినలేదో మాత్రం నాకు తెలవదు మీరా. నా దగ్గర జవాబుంటే దాచుకోను."

మీరావలి అక్కడ ఉండలేకపోయాడు. మాబున్నికి ఏ క్షణమైనా నొప్పులు రావచ్చు కాబట్టి మేస్త్రీ అతన్ని ఆ రోజు ఊరిని ఆనుకుని ఉన్న దక్షిణపు స్తంభం మీదకి మార్చాడు. అతను ఎప్పుడూ ఎక్కని స్తంభం అది. కింద కొద్ది మేర నీళ్ళు, ఆ నీళ్ళకి అవతల పిల్లలగూడు. స్తంభం నుంచి ఊరి మధ్యలోని మసీదు కప్పు దాకా సామాను మోసే తీగబుట్ట.

ఎక్కి విల్లు అందుకునేసరికి దక్షిణం నుంచి మబ్బు దిగింది. చొక్కా ఉతికి దాని మీద ఆరేసుకోవచ్చు, అంత చిక్కటి మబ్బు. చూస్తుండగానే సముద్రం కనపడకుండా పోయింది. ఆ తెల్లదనంలో ఎక్కడో సైదులు పడవ ఉంది.

"మీరావలీ!" సైదులు కేక సన్నగా వినిపించింది. "ఏ దిక్కో తెలవట్లేదు! రాళ్ళ మోత వినపడతంది!"

పాత కరకట్ట రాళ్ళవి. వాటి మీద పడితే పడవ పెంకులవుతుంది. మీరావలి విల్లు వదిలేసి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, గుండె నిండా గాలి పీల్చి అరిచాడు.

"ఇటు రా! నా గొంతు పట్టుకుని రా!"

"మళ్ళీ అరవరా!"

"రా! ఇటు రా! వచ్చెయ్!"

కింద ఏదో తలుపు దడాలున తెరుచుకుంది. మీరావలి పట్టించుకోలేదు. ఇంకోసారి అరిచాడు. అప్పుడు ఎవరో ఆడమనిషి కెవ్వుమంది.

వంగి చూశాడు. ఊరి వైపు మబ్బు ఇంకా పలచగా ఉంది. పిల్లలగూట్లోంచి పిల్లలు బయటికి వస్తున్నారు. పరుగెత్తడం లేదు. తోసుకోవడం లేదు. పెళ్ళికి పిలిస్తే వెళ్తున్నట్టు ముఖాలు వెలిగించుకుని, ఒకరి వెనక ఒకరు, స్తంభం వైపు నడుస్తున్నారు. స్తంభానికీ వాళ్ళకీ మధ్య చెక్కదారి లేదు. తెప్ప అంచు, ఆ తర్వాత నీళ్ళు.

ఆయాలిద్దరూ పట్టుకోబోయారు. ఇద్దర్ని ఆపితే నలుగురు చేపపిల్లల్లా చంకల కిందనుంచి జారిపోయారు.

"ఆగండి! ఆగండమ్మా!" అని అరిచాడు మీరావలి.

పిల్లలు తలలెత్తారు. అందరూ ఒక్కసారిగా, "ఔను" అన్నారు. నడక వేగం పెరిగింది.

మీరావలికి అప్పుడు అర్థమైంది. తను ఏం చెబుతున్నాడో వాళ్ళకి పట్టలేదు. ఆ గొంతు ఎక్కడుందో అక్కడికి రావాలి, అంతే. పొమ్మంటే వస్తారు, తిడితే వస్తారు. అందరికన్నా ముందున్న నాలుగేళ్ళ పిల్ల, జైతూన్, అప్పటికే తెప్ప అంచు చేరింది. ఒక కాలు గాలిలోకి పెట్టి, ఎక్కడ మోపాలా అని నీళ్ళ వైపు చూస్తోంది.

నోరు మూసుకున్నాడు. జైతూన్ కాలు గాలిలోనే ఆగింది.

"మీరావలీ, ఎందుకాపావురా! అరవరా సామీ!" సైదులు మబ్బులోంచి ఏడుపు గొంతుతో పిలిచాడు. రాళ్ళ మీద అల విరిగిన చప్పుడు ఈసారి మీరావలికి కూడా వినపడింది.

అరిస్తే పిల్లలు నీళ్ళలో పడతారు. అరవకపోతే సైదులు రాళ్ళ మీద పడతాడు. ఎవరికీ ఏదీ వివరించే వీలు లేదు, ఎందుకంటే వివరించడానికి ఉన్నది ఆ గొంతే. ఆ గొంతే ఊరి మధ్యకి వెళితే పిల్లలు నీళ్ళ వైపు రారు. అతను తీగబుట్టలోకి దూకి ముడి తెంపాడు. బుట్ట రివ్వున జారింది. పిల్లల తలల మీదుగా, ఇళ్ళ కప్పుల మీదుగా, పెదవి పంటి కింద పెట్టి నొక్కుకుని వెళ్ళాడు. రక్తం ఉప్పగా తగిలింది. వెనక ఏ క్షణాన నీళ్ళ చప్పుడు వినపడుతుందోనని అతని ఒళ్ళంతా చెవులైంది.

మసీదు కప్పు మీద పడ్డాడు. లేచాడు. ఏమని పిలవాలి? 'నేను' అనే మాట లేని పిలుపు కావాలి. సాయంత్రం చదివే అసర్ నమాజు వేళ దగ్గరపడింది. చెవుల మీద చేతులు పెట్టుకుని అజాన్ అందుకున్నాడు.

అల్లాయే గొప్పవాడు. అల్లాయే గొప్పవాడు.

దక్షిణపు అంచున జైతూన్ కాలు వెనక్కి తీసుకుంది. వెనక్కి తిరిగింది. ఆమె వెనక వరస అంతా తిరిగింది. మబ్బు కమ్ముకుంటున్న చెక్కదారుల మీదుగా పిల్లలు ఊరి మధ్యకి రాసాగారు. అజాన్ చివరి మాట దగ్గర, పడమటి వైపు మబ్బు చీల్చుకుని సైదులు పడవ ముక్కు కనిపించింది.

మీరావలి మెట్లు దిగి వచ్చేసరికి మసీదు ముంగిలి పిల్లలతో నిండిపోయింది. అందరూ ఉన్నారు. అతను మోకాళ్ళ మీద కూలబడి ఆయాసం తీర్చుకుంటున్నాడు. పిల్లలు దగ్గరకొచ్చారు. వాళ్ళ చూపులు చూసి అతనికి ఆయాసం కూడా ఆగిపోయింది. ఏ బిడ్డా తండ్రిని అలా చూడదు. ఏ మనిషీ మనిషిని అలా చూడకూడదు.

జైతూన్ వంగి, తడిసిన అతని పాదాల మీద నుదురు ఆనించింది.

"ఔను," అంది.

నిప్పు తొక్కినవాడిలా మీరావలి పాదాలు వెనక్కి లాక్కున్నాడు. ఆ పిల్లను ఎత్తి దూరంగా నిలబెట్టాడు. ఆమె మళ్ళీ వచ్చి మళ్ళీ వంగింది. ఆమెను చూసి ఇంకొకడు వంగాడు. అల్లా ముందు తప్ప వంగకూడని నుదుళ్ళు, అల్లా ఇంటి ముంగిట్లోనే, మబ్బేకే మనిషి కాళ్ళ మీద వాలుతున్నాయి. అతను లేచి గోడకి అతుక్కుపోయి, పెదవులు గట్టిగా బిగించి, తల అడ్డంగా ఊపుతూ ఉండిపోయాడు.

దస్తగిరి సాబు పరుగున వచ్చి, జైతూన్‌ని ఎత్తుకుని, ఆమె నుదుటిని తన భుజానికి అదుముకున్నాడు. అప్పుడే సులోచన కూడా రొప్పుతూ చేరుకుంది.

"మేం జవాబు విన్నాం," అంది ఆమె మెల్లగా, ముంగిలి అంతా చూసి. "ప్రతి బిడ్డ జవాబూ విన్నాం. ఎవరికి జవాబు చెబుతున్నారో ఒక్కసారీ చూడలేదు."

"ఒక్క ముక్క మార్చకూడదంటే నేనూ సరేనన్నా గదమ్మా," అన్నాడు దస్తగిరి సాబు. "ఆ ముక్క ఎవడి నోట్లో పెడుతున్నామో చూసుకోలా. అడిగినోడు ఒకడు, మనం ఇంకొకణ్ణి కూర్చోబెట్టాం. బిడ్డలదేం తప్పు? లోపలున్న ఔనే, ఎవరు ముందు అడిగితే వాళ్ళకి ఇచ్చేశారు."

సులోచన మీరావలి వైపు తిరిగింది. "మీ అమ్మాయి రోజూ ఇంట్లో మీ గొంతు వింటోంది. లుంగీ గురించి, కూర గురించి, గొడవలూ, పాటలూ. ఆమెకది నాన్న గొంతు. అందుకే జవాబు చెప్పలేదు. ఆ ప్రశ్న అడగడానికి మీరెవరని ఊరుకుంది."

మీరావలి మధ్యాహ్నం నుంచి ఎదురుచూసిన మాట అదే. తన బిడ్డ తప్పిపోలేదు. కానీ ఆ సంతోషం గొంతు దాకా వచ్చి అక్కడే నిలిచిపోయింది. బయటికి తీస్తే ఇంతమంది పిల్లలు వింటారు.

చెక్కదారి మీద పీరమ్మ పరుగెత్తుకొస్తోంది. "ఒరే మీరా! మాబున్నికి నొప్పులొచ్చినయ్యిరా!"

ఇంటి గడప దగ్గర అతను ఆగిపోయాడు. లోపల నర్సు, పీరమ్మ, మాబున్ని మూలుగు. బయట, అతని వెనకే వచ్చిన పిల్లలు. తల్లులు పనుల మీద నుంచి దిగి వచ్చి వాళ్ళని చేతులు పట్టుకుని లాగుతున్నారు. కమిటీవాళ్ళు ఊళ్ళోని ఆలకినులన్నీ ఊడబీకి గోనెసంచుల్లో వేస్తున్నారు. ఊరికి అలవాటు లేని మోత ఒకటి మొదలైంది. పిల్లలు ఏడుస్తున్నారు. ఆ గొంతు కావాలని ఏడుస్తున్నారు.

"మీరన్నా, ఒక్క మాట," అని జైతూన్ తల్లి ఖుద్దూసీ బతిమాలింది. "ఒక్కటంటే ఒక్క మాట చెప్పన్నా. నిద్రపోమ్మా అని చెప్పు చాలు. గుక్క పట్టింది, ఊపిరాడట్లేదు దానికి."

మీరావలి పెదవులు కదిలాయి. ఒక్క మాటతో ఆ ఏడుపు ఆగుతుందని అతనికి తెలుసు. ఆ పిల్ల తన కాళ్ళ మీద మళ్ళీ వాలుతుందనీ తెలుసు. తల అడ్డంగా ఊపాడు.

"రాయివిరా నువ్వు!" అని తిట్టింది ఖుద్దూసీ. అతను తిట్టించుకున్నాడు.

పొద్దు వాలుతుండగా లోపల కొత్త ఏడుపు వినిపించింది. పీరమ్మ తలుపు తీసింది. ఆమె ముఖం తడిగా, నవ్వుగా ఉంది. "అనుకున్నట్టే ఆడపిల్ల. అచ్చం నా ముక్కు. రా, చెవిలో అజాన్ చెప్పు."

మీరావలి దస్తగిరి సాబుని వెంటబెట్టుకుని లోపలికొచ్చి తలుపు మూసి, గొళ్ళెం పెట్టాడు. అయినా పెదవి విప్పలేదు. సాబు చెవిలో గుసగుసగా, "మీరు చెప్పండి సాబూ. నేను చెప్పను," అన్నాడు.

"నేను చెప్పినా చెల్లుతది. ఎందుకు చెప్పవు?"

"ఇదీ ఔనంటే?" మీరావలి తలుపు వైపు చూశాడు. "కడుపులో నీళ్ళ చాటున వినపడిందో లేదో. ఇప్పుడు చెవిలో నేరుగా చెప్పాక, అట్టా కళ్ళు పెద్దవి చేసి గుప్పిళ్ళు విప్పిందంటే? నా కాళ్ళ మీద..."

మంచం మీద నుంచి మాబున్ని ఆ గుసగుసనీ వినేసింది. "ఏమయ్యో, మజ్జానం ఔననలేదని ఏడిచావు. ఇప్పుడు ఔనంటదేమోనని ఏడుస్తన్నావు. నీకేం కావాలో ముందు తేల్చుకో. నాకు నిలబడే ఓపిక లేదు గానీ లేకపోతే నేనే చెప్పేదాన్ని."

"మాబున్నీ, నువ్వా పిల్లల్ని చూళ్ళా."

"చూశా, కిటికీలోంచి. అందుకే చెబుతన్నా." ఆమె గొంతు మారింది. "ఇయ్యాల నువ్వు భయపడి నోరు మూసుకుంటే, ఇక జన్మలో దాంతో మాట్లాడవు. నాకు తెలుసు నీ సంగతి. నాయన ఉండీ గొంతెరగని బిడ్డని చేస్తావా దాన్ని?"

పీరమ్మ బిడ్డను తెచ్చి అతని చేతుల్లో పెట్టింది. గుడ్డలో చుట్టిన బిడ్డ, అరచేతికి కొంచెం ఎక్కువ, దిండు కంటే చాలా తక్కువ. కళ్ళు మూసుకుని ఉంది. రెండు గుప్పిళ్ళూ గడ్డం కింద బిగుసుకుని ఉన్నాయి. మీరావలి ఆ గుప్పిళ్ళనే చూశాడు. ఇంకేదీ చూడలేకపోయాడు.

కుడి చెవి దగ్గరకి నోరు తెచ్చాడు.

అల్లాయే గొప్పవాడు, అన్నాడు.

బిడ్డ కదలడం ఆపేసింది.

పీరమ్మ మాబున్ని చెయ్యి పట్టుకుంది. దస్తగిరి సాబు కళ్ళు మూసుకున్నాడు. బిడ్డ కనురెప్పలు కొద్దిగా విచ్చుకున్నాయి. ఆ సన్నటి సందులోంచి ఆమె ఎటో చూసింది. మీరావలి రెండోసారి అదే మాట అన్నాడు. మూడోసారి అంటుండగా బిడ్డ ముఖం కుడుములా ముడుచుకుంది. నోరు తెరిచింది. గొళ్ళెం పెట్టిన తలుపు అదిరేలా, సముద్రం అవతల చేపలు కూడా తిరిగి చూసేలా, కోపంగా ఏడ్చింది. అతని మెడ దగ్గర ముఖం రుద్ది, అక్కడ పాలు లేవని తెలిసి, ఇంకా కోపంగా ఏడ్చింది. గుప్పిళ్ళు విప్పలేదు. ఒకదాంతో అతని దవడ మీద ఒక్కటి ఇచ్చింది.

మీరావలి అజాన్ ఆపలేదు. ఆ ఏడుపు లోంచే చివరి దాకా చెప్పాడు. ఎడమ చెవిలో, నమాజుకు లేచి నిలబడమనే ఇఖామత్ చెప్పాడు. ఆమె వినలేదు. అతని గొంతును ఆమె పూచికపుల్లంత కూడా లెక్కచేయలేదు. అతని గడ్డం నిండా కన్నీళ్ళు, నోటి నిండా నవ్వు.

"ఇటియ్యి, ఆకలేస్తంది దానికి," అంది మాబున్ని.

బిడ్డను ఇచ్చి లేచాడు. దస్తగిరి సాబు అతని భుజం మీద చెయ్యి వేశాడు. ఆ గడప దాటాక మీరావలి మాట్లాడకూడదు. రేపు కాదు, ఎల్లుండి కాదు, ఈ పిల్లలు పెరిగి అతన్ని మామూలు మనిషిగా చూసేదాకా. అప్పటిదాకా ఊళ్ళో అతను నోరారా పలకరించగలిగే పిల్ల, ఈ గదిలో పాలు తాగుతున్నది ఒక్కతే.

తలుపు తీశాడు.

పిల్లలు చెక్కదారి పొడుగునా నిలబడి ఉన్నారు. ఏడ్చి ఏడ్చి బొంగురుపోయారు. అతన్ని చూడగానే ఏడుపు ఆపి తలలెత్తారు. ఆ చూపు మళ్ళీ వచ్చింది. మీరావలి నోటికి అడ్డంగా చెయ్యి పెట్టుకున్నాడు. రెండో చేత్తో ఒక్కొక్క బిడ్డనూ చూపించి, వాళ్ళ వెనక నిలబడ్డ తల్లిని చూపించాడు. ఒకరి తర్వాత ఒకరిని అలా చూపిస్తూ పోయాడు.

తల్లులు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఏం చెయ్యాలో వాళ్ళకి తెలియలేదు. ఏడ్చే బిడ్డను ఊరుకోబెట్టాల్సిన అవసరం వాళ్ళకి ఎప్పుడూ రాలేదు. ఒకామె బిడ్డ వీపు మీద తట్టబోయి, ఎంత గట్టిగా తట్టాలో తెలియక చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఖుద్దూసీ జైతూన్ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. పిల్ల ఆమె భుజం మీదుగా మీరావలి వైపే చూస్తోంది. ఖుద్దూసీ ఆ చిన్న ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని తన వైపు తిప్పుకుంది. కొత్త మనిషితో మాట్లాడుతున్నట్టు గొంతు సవరించుకుంది.

"జైతూన్," అంది. "ఇటు చూడమ్మా. నేను... మీ అమ్మని."